గంటస్తంభం సందులో ఐటీ ఫారాల షాపు: నా పన్ను సున్నా, సర్వీసుకి నాలుగు స్టార్లు

టీచర్లకి, ఉద్యోగులకి ఐటీ (ఆదాయపు పన్ను) ఫారాలు వేసిపెట్టే షాపు ఒకటి విజయనగరంలో గంటస్తంభం దగ్గర సందులో ఉంది. పేరు రాయడం లేదు. రాసినా దొరకదు, బోర్డు మీద పేరు ఎప్పుడో వెలిసిపోయింది. "జిరాక్స్, డీటీపీ, ఐటీ ఫారాలు" అన్న ముక్క మాత్రం మిగిలింది. మా స్కూల్ నుంచి సగం స్టాఫ్ 2026 జనవరిలో అక్కడే వేయించుకున్నాం. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో, మిగతా నాలుగూ ఎందుకిచ్చానో రాస్తాను. అక్కడే కూర్చుని ఆ కుర్రాడి చేత ఇంకో లెక్క కూడా వేయించాను. అది నా ఫారంలో ఎక్కడా ఉండదు. కానీ నా ఫారంలో అడుగున సున్నా పడకపోతే ఆ లెక్క అడగాలని నాకు తోచేది కాదు.

ప్రైవేటు ఉద్యోగులకి ఈ గొడవ పెద్దగా తెలియదు. మాకు మాత్రం సంక్రాంతి పిండివంటలు అయిపోయేలోగా ఫారాల టెన్షన్ మొదలవుతుంది. ఫిబ్రవరి జీతం బిల్లు పెట్టేలోపు ఏడాది మొత్తం ఆదాయం, దాని మీద పన్ను లెక్క వేసి డీడీవోకి (మా జీతం బిల్లులు పెట్టే అధికారికి) ఇవ్వాలి. తక్కువ కోసుంటే మిగిలింది ఆ నెల జీతంలోంచే పోతుంది. నెలనెలా సరిగా కోయించుకోని వాళ్లకి ఫిబ్రవరి జీతం చేతికి రాదు, వచ్చినా పాల ఖాతాకి సరిపోదు. అందుకని జనవరిలో ఏ స్టాఫ్‌రూంలోకి వెళ్లినా పాఠాల కంటే పన్ను సెక్షన్ల మాటే ఎక్కువ. మాలో ఎవరో ఒకరు ఎక్సెల్ ఫైలు పంపుతారు, అది ఫోన్లో తెరుచుకోదు, తెరుచుకున్నా మన డీఏ ఒక నెల అటూ ఇటూ పడుతుంది. ఆఖరికి షాపుకే వెళ్తాం.

షాపంటే ఒక గది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక బెంచీ, గోడకి పైడితల్లి అమ్మవారి క్యాలెండరు. నడిపేది ఎం.ఆర్. కాలేజీలో బీకాం చదివిన కుర్రాడు. టైపు చేసేది వాళ్లక్క. ఆవిడ మాట్లాడదు, కానీ పే పర్టిక్యులర్స్ కాగితం చూడగానే ఏ నెలలో ఇంక్రిమెంటు కలవలేదో వేలు పెట్టి చూపిస్తుంది. నాకు ఆ ఇంట్లో అసలు ఆడిటర్ ఆవిడే అనిపించింది.

రేటు 250 రూపాయలు. రెండు సెట్ల స్టేట్‌మెంట్, దానికి అనుబంధం, అరియర్స్ ఉంటే ఫారం 10ఇ లెక్క, అన్నీ కలిపి. నిరుడు ఇదే షాపులో 100. పక్క సందులో కొత్త షాపు పెట్టారని ఆఫర్ అని బ్యానరు కట్టాడు. జనం విరగబడ్డారు. పని నాసిరకం అయిపోయింది. టోనరు మార్చలేక ప్రింట్లు బూడిద రంగులో వచ్చాయి, మా హెడ్‌మిస్ట్రెస్ గారి ఫారం మీద వేరే ఎవరిదో పాన్ నంబరు పడింది. ఈ ఏడాది మళ్లీ 250 చేశాడు. నేనక్కడ ఉండగానే ఒకాయన గొంతు లేపాడు: "నిరుడు వంద, ఇయ్యేడు రెండొందల యాభయ్యా? ఏటిది, అన్యాయం కాదూ?" కుర్రాడు మౌస్ మీంచి చెయ్యి తీయకుండా అన్నాడు: "తగ్గించినప్పుడు ఎందుకు తగ్గించావని ఎవరూ అడగలేదు బాబూ. పెంచితేనే అందరూ అడుగుతన్నారు."

ఆ ముక్క విన్నాకే ఈ రివ్యూ రాయాలనిపించింది. దాని సంగతికి వస్తాను, ముందు సర్వీసు.

పనితనం తెలియాలంటే తేలిక కేసులు చూడకూడదు, చిక్కు కేసులు చూడాలి. మాకు రెండు దొరికాయి. ఒకటి మా సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీం) టీచర్లది. వాళ్ల పింఛను ఖాతాలో ప్రభుత్వం వేసే వాటాని ముందు ఆదాయంలో కలపాలి, తర్వాత 80సీసీడీ(2) కింద తీసేయాలి. రేట్లూ మినహాయింపులూ తక్కువగా ఉండే కొత్త పన్ను విధానంలో 80సీ పొదుపుల మినహాయింపు లేదు, ఇంటద్దె మినహాయింపు లేదు, కానీ ఈ మినహాయింపు ఉంది. చాలా చోట్ల కలపడం గుర్తుంటుంది, తీయడం మర్చిపోతారు. ఇక్కడ మర్చిపోలేదు.

రెండోది మా లెక్కల మాస్టారిది. ఆయన మొత్తం ఆదాయం 12,90,000. స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ ఇచ్చే తగ్గింపు) 75,000 పోతే 12,15,000. అంటే పన్ను పడని 12 లక్షల గీత దాటి 15,000 ముందుకెళ్లాడు పాపం. ఆయన అంతకుముందు వేయించుకున్న ఇంకో చోట 64,740 రూపాయల పన్ను అని కాగితం చేతిలో పెట్టారు. శ్లాబుల ప్రకారం 62,250, మీద 4 శాతం సెస్సు. కూడిక తప్పు కాదు. కానీ గీత దాటింది 15,000 అయితే దాని కోసం అరవై వేలు పైన కట్టమనడం చట్టం ఉద్దేశం కాదు. అలాంటి వాళ్లకి మార్జినల్ రిలీఫ్ ఉంది: దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ ఉండకూడదు. అంటే 15,000, సెస్సుతో 15,600. కుర్రాడు ఏమీ అడక్కుండానే 15,600 వేశాడు. లెక్కల మాస్టారు ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసుకుని, పిల్లలకి చెప్పినట్టు "స్టెప్పులు రాయి" అన్నాడు. రాసిచ్చాడు కూడా.

ఈ పని ఒక్కదానితోనే 250 రూపాయలూ వసూలైపోయినట్టే.

స్టారు కోసింది ఎందుకంటే, కూర్చోబెట్టేస్తాడు. టోకెన్లు లేవు. తెలిసినవాళ్లు వస్తే మధ్యలో దూరుస్తాడు. అందరి జీతాల కాగితాలూ బల్ల మీద పరిచి ఉంటాయి, పాన్ నంబర్లతో సహా, ఎవరైనా ఫోటో తీసుకోవచ్చు. నేను చెప్పాను, "ఫైల్లో పెట్టు నాయనా" అని. తలూపాడు, పెట్టలేదు. ఇంటికి వెళ్లే ముందు మీ కాగితాలు మీరు అడిగి తీసుకోండి. ఆయన కంప్యూటర్లో మీ ఫైలు ఉంచాలో తీసేయాలో కూడా చెప్పి రండి.

ఇక నా ఫారం. నేను గజపతినగరం వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ స్కూల్ అసిస్టెంట్‌ని. ఈ ఏడాది మొత్తం ఆదాయం 12,40,000. స్టాండర్డ్ డిడక్షన్ పోతే 11,65,000. కొత్త శ్లాబుల్లో పన్ను 56,500 తేలింది, ఆ 56,500నీ రిబేటు (12 లక్షల లోపు వాళ్లకి పన్నంతా తీసేసే రాయితీ) తినేసింది. అడుగున సున్నా. ఇదే జీతానికి నిరుటి శ్లాబులే ఉండుంటే 77,740 కట్టాలి. కుర్రాడు నవ్వుతూ, "మేడమ్‌గారూ, గవర్నమెంటు మీకు ఓ ఫ్రిజ్జు, ఓ వాషింగ్ మిషనూ ఇచ్చింది" అన్నాడు.

సంతోషం లేదని అబద్ధం చెప్పను. ఏళ్ల తరబడి జీతంలోంచే కోయించుకున్నవాళ్లం. పక్కన లక్షల్లో వ్యాపారం చేసేవాళ్లు "మాకేటి ఆదాయం" అంటుంటే ఒళ్లు మండేది. కానీ పదో తరగతికి బడ్జెట్ల గురించి చెప్పే మనిషిని. "ప్రభుత్వం మీకు ఇచ్చింది" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇచ్చినదానికి ఎక్కడో ఒక పద్దు ఉండాలి కదా. బెంచీ మీద నా తర్వాత ఉన్నది ఒక్క రిటైర్డ్ హెడ్మాస్టారే. ఆయన సోంపేట వైపు మనిషి, కూతురి దగ్గర విజయనగరంలో ఉంటున్నారు, పింఛను ఫారం కోసం వచ్చారు. తొందర లేదన్నారు. "ఖాళీ షీట్ ఒకటి తెరువు బాబూ" అన్నాను కుర్రాడితో.

మొదటి గడిలో లక్ష కోట్లు వేయించాను. 2025 ఫిబ్రవరి 1న బడ్జెట్లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 12 లక్షల దాకా పన్ను ఉండదని చెప్పినప్పుడు, దీనివల్ల ప్రత్యక్ష పన్నుల్లో సుమారు లక్ష కోట్ల రూపాయల రాబడి వదులుకుంటున్నామని ఆవిడే చెప్పింది. ఆ అంకె దాచలేదు. కానీ ఆ రోజు ఎవరూ ఆ వాక్యం దగ్గర ఆగలేదు, మా స్టాఫ్‌రూంలో అయితే లడ్డూలు పంచారు.

రెండో గడిలో 41 శాతం. ఆదాయపు పన్ను ఢిల్లీ సొత్తు అనుకుంటాం. కాదు. 2025-26 దాకా వర్తించిన పదిహేనో ఆర్థిక సంఘం సిఫార్సు ప్రకారం కేంద్రం పంచాల్సిన పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలది. మూడో గడిలో 4.047 శాతం. ఆ రాష్ట్రాల వాటాలో మన ఆంధ్రప్రదేశ్‌ది అంత. ఎంటర్ కొట్టాడు. 1,659 కోట్లు.

"ఇదేటి మేడమ్?" అన్నాడు.

"నీ ఫ్రిజ్జు, వాషింగ్ మిషన్ల బిల్లులో మన రాష్ట్రం కట్టిన ముక్క" అన్నాను. వదులుకున్న లక్ష కోట్లూ పంచాల్సిన పన్నే అనుకుంటే వచ్చే లెక్క ఇది. సర్‌ఛార్జీ, సెస్సు పంపకంలోకి రావు కాబట్టి అసలు అంకె కొంచెం తగ్గచ్చు. అయినా ఆలోచించండి: తగ్గించింది ఢిల్లీలో, చప్పట్లు అక్కడే, కోత మాత్రం అమరావతి పద్దులో కూడా. అక్కణ్ణుంచి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పద్దుల్లోకి ఎంత దిగుతుందో ఏ కాగితం మీదా కనపడదు. అదే నన్ను తొలిచింది. నాకు వచ్చిన మేలు నా ఫారం అడుగున సున్నాగా స్పష్టంగా ఉంది. పోయినది ఎవరి ఫారం మీదా లేదు.

హెడ్మాస్టారు ఊరుకోలేదు. "అమ్మా, నువ్వు ఒకవైపే చూస్తున్నావు. మా కాలంలో ఆదాయపు పన్ను ఎంతో తెలుసా? పై శ్లాబు వాళ్లకి సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతం దాకా వెళ్లింది. ఎవడు కట్టాడు? దొంగ లెక్కలు నేర్చుకున్నారు. 1997లో చిదంబరం గరిష్ఠ రేటు 40 నుంచి 30కి దించాడు. తర్వాత వసూళ్లు పెరిగాయా లేదా?"

నిజమే, పెరిగాయి. ఆ మాట కొట్టిపారేసేది కాదు. మరీ ఎత్తున ఉన్న రేటు దించితే దాక్కున్నవాడు బయటికి వస్తాడు. కానీ నేనన్నది ఇది: 1997లో దించింది రేట్లు. కట్టేవాళ్లని గుంపులోంచి పంపేయలేదు. ఇప్పుడు జరిగింది అది కాదు. రిబేటు గీత 2019లో 5 లక్షలు, 2023లో కొత్త విధానంలో 7 లక్షలు, 2025లో 12 లక్షలు. ఇంకో కోటి మంది పన్ను కట్టక్కర్లేదని ఆర్థిక మంత్రే చెప్పింది. అంతకుముందే రిటర్న్ (పన్ను శాఖకి ఇచ్చే ఏడాది ఆదాయం లెక్క) వేసేవాళ్లలో ఎక్కువమందికి కట్టాల్సింది సున్నా. మన రాష్ట్రంలో 2024-25లో తలసరి ఆదాయం మూడు లక్షల లోపే. దానికి నాలుగింతలు సంపాదించే నేను పన్ను పరిధిలోంచి బయటికి వచ్చేశాను. దాక్కున్న మనిషిని కాదు నేను, రూపాయి కూడా ఎగ్గొట్టే వీలు లేని జీతం మనిషిని. నా దగ్గర తగ్గిస్తే కొత్తగా బయటపడే ఆదాయం ఏముంది?

"ఖర్చు పెడతావు కదమ్మా, ఆ ఖర్చు మీద జీఎస్టీ వస్తుంది" అన్నారు. సరే, అదీ వేయమన్నాను. 77,740 మొత్తం 18 శాతం జీఎస్టీ ఉన్న వాషింగ్ మిషన్ల మీదే తగలేశాననుకుందాం. అందులో జీఎస్టీ 11,860 దాకా ఉంటుంది. మిగతా డబ్బు వ్యాపారి చేతికి, అక్కణ్ణుంచి పనివాళ్ల చేతికి తిరుగుతుంది, మళ్లీ కొంత పన్ను వస్తుంది, కాదనను. కానీ వదిలిన 77,740 మొత్తం తిరిగొచ్చేంత కాదు. పైగా నేను కొంటున్నది బంగారం, మా అమ్మాయి పెళ్లికని. దాని మీద జీఎస్టీ 3 శాతం. అంటే 2,260 చిల్లర. కుర్రాడు పకపకా నవ్వాడు, వాళ్లక్క కూడా మొదటిసారి నవ్వింది. కొసరుగా ఇంకో మాట: మా స్కూల్లో వంట చేసే ఆయాలకి గౌరవ వేతనం 2019లో 1,000 నుంచి 3,000 చేశారు. ఆదాయపు పన్ను తగ్గింపులో వాళ్లకి వచ్చింది గుండుసున్నా. వాళ్లెప్పుడూ దాని పరిధిలోనే లేరు. కానీ మధ్యాహ్న భోజనానికి కేంద్రం పంపేది, రాష్ట్రం కలిపేది ఈ ఖజానాల్లోంచే. వాటికి కొరత పడితే ముందు తెలిసేది వాళ్లకి, నాకు కాదు.

"అయినా మునిగిపోయామా?" అన్నారు హెడ్మాస్టారు. "2019లో కంపెనీల పన్ను 30 నుంచి 22కి దించారు. అప్పుడూ ఇలాగే అన్నారు."

ఆ ఉదాహరణ నాకు కావలసిందే. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను తగ్గించినప్పుడు ఏడాదికి 1.45 లక్షల కోట్లు పోతుందని ప్రభుత్వమే అంచనా చెప్పింది. మునిగిపోలేదు, నిజమే. ఎందుకు మునగలేదు? మాలాంటి వాళ్ల ఆదాయపు పన్ను వసూళ్లు పెరిగి ఆ లోటు పూడ్చాయి. ఒకప్పుడు కంపెనీల పన్నే పెద్దది. 2025-26 బడ్జెట్ అంచనాల్లో ప్రభుత్వానికి వచ్చే ప్రతి రూపాయిలో ఆదాయపు పన్ను 22 పైసలు, కంపెనీల పన్ను 17 పైసలు. కంపెనీల భుజం మీంచి దించినది మా భుజం మీదికి వచ్చింది. ఇప్పుడు మా భుజం మీంచి కూడా దించారు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ శ్లాబులు కూడా తగ్గించారు. ఇక మోసేదెవరు? అదే రూపాయిలో పెద్ద ముక్క ఇప్పటికే అప్పు, 24 పైసలు.

ఇక్కడ మాస్టారు కాసేపు మాట్లాడలేదు. నేను ఇంకో గడి నింపించాను. ఆ బడ్జెట్లోనే వడ్డీ చెల్లింపులు 12.76 లక్షల కోట్లు. ఆదాయపు పన్ను మీద వస్తుందనుకున్నది 14.38 లక్షల కోట్లు. ఒకదాన్ని రెండోదానితో భాగించమన్నాను. 0.887. అంటే దేశం మొత్తం కట్టే ఆదాయపు పన్నులో రూపాయికి 89 పైసలకి సమానమైన డబ్బు పాత అప్పుల వడ్డీకే సరిపోతుంది. అసలు కాదు, వడ్డీ. ఆదాయపు పన్ను తగ్గితే తగ్గినంత మేరా ఖర్చు తగ్గించాలి, లేదా ఇంకో పన్ను వేయాలి, లేదా అప్పు. ఖర్చు తగ్గించడానికి ఏ ప్రభుత్వమూ ఇష్టపడదు, పన్ను వేయడానికి అసలు ఇష్టపడదు. మిగిలేది అప్పు. వచ్చే ఏడాది వడ్డీ ఆ మేరకి పెరుగుతుంది. ఆ వడ్డీ కట్టడానికి ఇంకొంచెం అప్పు.

వడ్డీ ఆపలేరు. జీతాలు, పింఛన్లు ఆపడం కష్టం. మరి ఆగేవేమిటి? మా వైపు మనుషులకి వేరే చెప్పక్కర్లేదు. మాస్టారి సొంత ఉద్దానం సంగతే తీసుకోండి. కిడ్నీ జబ్బులతో ఊళ్లకి ఊళ్లు చితికిపోయాక 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు, హిరమండలం నుంచి తాగునీటి పైపులు వేశారు. కట్టడం ఒకసారి ఖర్చు. డాక్టర్లు, డయాలసిస్, మోటార్ల కరెంటు ఏటేటా ఖర్చు. విజయనగరంలో అదే ఏడాది మొదలైన మెడికల్ కాలేజీ కూడా అంతే, మా చంపావతి మీద తారకరామ తీర్థసాగరం లాంటి పాత పనులూ అంతే. వీటిలో దేనికి ఎంత కొరత పడినా అది పన్ను తగ్గింపు వల్లేనని ఎవరూ నిరూపించలేరు. తగ్గింపు ఇచ్చినవాళ్లకి అదే పెద్ద సౌకర్యం. ఇచ్చిన మేలుకి తేదీ, పేరు ఉంటాయి. నష్టం పదేళ్లలో పరుచుకుంటుంది.

"నువ్వు శ్రీలంక గురించి చెప్పబోతున్నావు కదూ" అన్నారు మాస్టారు. వార్తాపత్రిక చదివే మనిషి.

చెప్పాను, కానీ జాగ్రత్తగానే. 2019 చివర్లో గొటబాయ రాజపక్స అధ్యక్షుడిగా గెలిచిన వెంటనే వ్యాట్ 15 నుంచి 8 శాతానికి దించాడు, ఆదాయపు పన్ను మినహాయింపు గీత బాగా పైకి లేపాడు, జీతాల్లోంచి నెలనెలా కోసే పద్ధతి ఎత్తేశాడు. జీడీపీలో పన్నుల వాటా 12 శాతం దగ్గర ఉన్నది ఏడాదిలో 8 శాతం దగ్గరికి పడింది. తర్వాత కోవిడ్ వచ్చింది, టూరిస్టులు పోయారు, 2021లో రసాయన ఎరువుల నిషేధం పంటల్ని తిన్నది. ఇవన్నీ కలిసే 2022 ఏప్రిల్‌లో అప్పు కట్టలేమని చేతులెత్తేశారు. పన్ను కోత ఒక్కటే కారణం అనడం తప్పు. కానీ కష్టం వచ్చే నాటికి చేతిలో ఏమీ లేకుండా చేసింది మాత్రం అదే. తర్వాత 2023లో ఐఎంఎఫ్ దగ్గర సుమారు 300 కోట్ల డాలర్ల సాయానికి ఒప్పందం, 2024 జనవరి నుంచి వ్యాట్ 18 శాతం. తగ్గించింది 8కి, తిరిగి కట్టింది 18. తగ్గించినప్పుడు సంబరపడినవాళ్లూ, పెట్రోలు క్యూలో నిలబడినవాళ్లూ చాలావరకు ఒకరు కారు.

మనం శ్రీలంక కాదు. మన అప్పులో ఎక్కువ భాగం రూపాయల్లోనే, మన బ్యాంకుల దగ్గరే, మన ఎల్ఐసీ దగ్గరే. అంత హఠాత్తుగా కూలదు. అందుకే నేను మనకి దగ్గరగా చూసేది అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం. అక్కడ 2012లో శామ్ బ్రౌన్‌బ్యాక్ అనే గవర్నరు ఆదాయపు పన్ను బాగా తగ్గించాడు, చిన్న వ్యాపారాల లాభాల మీదైతే రాష్ట్ర పన్నే ఎత్తేశాడు. ఉద్యోగాలు, పెట్టుబడులు పొంగిపొర్లుతాయన్నాడు. పొంగలేదు. రోడ్ల నిధి తీసి రోజువారీ ఖర్చుకి వాడారు, క్రెడిట్ రేటింగు పడిపోయింది, స్కూళ్ల డబ్బు గొడవ ఆ రాష్ట్ర సుప్రీంకోర్టుకెక్కింది. కూలడం కాదు, చిరుగుపట్టడం. 2017లో ఆయన సొంత పార్టీ సభ్యులే ఎక్కువగా ఉన్న శాసనసభ ఆయన వీటోని కూడా తోసిపుచ్చి ఆ తగ్గింపుల్లో పెద్ద భాగాన్ని రద్దు చేసింది. ఐదేళ్లు పట్టింది. ఎందుకంటే మా షాపు కుర్రాడు అన్నట్టు, పెంచితేనే అందరూ అడుగుతారు. ఒక తేడా ఉంది: ఇతను వందకి ఫారం వేసినందుకు నష్టం ఇతనే భరించాడు. ప్రభుత్వం అప్పు నేను పాఠం చెప్పే పిల్లలు తీరుస్తారు, వాళ్లనెవరూ సంతకం అడగలేదు.

మాస్టారు ఆఖరికి ఒప్పుకోలేదు. "మధ్యతరగతికి ఇంతకాలానికి ఒక్కటి దక్కితే అదీ తప్పే అంటావేంటమ్మా" అన్నారు. తప్పు అనలేదు. ధరలు పెరిగేకొద్దీ గీత కొంచెం కొంచెం పైకి జరపాలి, జరపకపోతే అదో అన్యాయం. నా అభ్యంతరం ఒక్కసారిగా 7 నుంచి 12కి గెంతడం మీద, దానికి బదులు ఏ రాబడి వస్తుందో చెప్పకపోవడం మీద. ఆస్తుల మీద, లాభాల మీద, లేకపోతే ఆదాయం దాచుకునే వ్యాపారాల మీద సరైన లెక్క చూపించి నాకు తగ్గించి ఉంటే నేను కూడా లడ్డూ తిందును. నెలకి వెయ్యి, రెండు వేలు కట్టమన్నా నాలాంటి వాళ్లం చచ్చిపోం. కట్టేవాళ్లం ఎక్కువమంది ఉంటే లెక్క అడిగేవాళ్లం కూడా ఎక్కువమంది ఉంటాం. నిరుడు 68,380 కట్టాను, రోడ్డు మీద గొయ్యి చూస్తే నా డబ్బే అన్న కోపం ఉండేది.

ఈ చర్చంతా అయ్యేసరికి కుర్రాడు ఆ షీట్ కూడా ప్రింటు తీసి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. దాన్ని పదో తరగతిలో వాడాను, పిల్లలకి 1,659 కోట్లు ఎలా వచ్చిందో బోర్డు మీద వేయించాను. పాఠ్యపుస్తకంలో గుండ్రటి 'పై' చార్టు బొమ్మ కంటే బాగా ఎక్కింది. ఒకడు లేచి, "మరి మీరు ఆ డబ్బు తిరిగి ఇచ్చేస్తారా మేడమ్" అని అడిగాడు. ఇవ్వను అని చెప్పాను.

వెళ్లాలనుకునేవాళ్లకి ఉపయోగపడే సంగతులు: పొద్దున పదకొండు లోపు వెళ్లండి, మధ్యాహ్నం నుంచి రద్దీ. నెలవారీ జీతం వివరాల ప్రింటు, నిరుటి ఫారం 16, అరియర్స్ వస్తే ఏ నెలలవో రాసుకున్న కాగితం పట్టుకెళ్లండి. ఫోన్‌పే తీసుకుంటాడు. ప్రింటు చేతికి రాగానే పాన్ నంబరు, పేరు స్పెల్లింగు అక్కడే సరిచూసుకోండి, ఇంటికొచ్చాక కాదు. పాత విధానంలో ఇంటి రుణం, 80సీ లెక్కలు పెద్దగా ఉన్నవాళ్లు రెండు విధానాల్లోనూ వేయమని అడగండి. అడిగితే వేస్తాడు, అడక్కపోతే కొత్త విధానంలోనే వేసేస్తాడు. నాలుగు స్టార్లే ఇచ్చింది అందుకు కూడా.

ఇంకొకటి, స్టాఫ్‌రూంలో చాలామంది పొరపడుతున్నారు. పన్ను సున్నా అయింది కాబట్టి రిటర్న్ అక్కర్లేదని. అది తప్పు. సున్నా వచ్చింది రిబేటు వల్ల, ఆదాయం 4 లక్షల గీత దాటినవాళ్లందరూ రిటర్న్ వేయాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో పొరపాటున కోసిన డబ్బు ఏదైనా ఉంటే అది వెనక్కి రావాలన్నా రిటర్నే దారి. దానికి ఈ షాపులో 500 తీసుకుంటాడు. నేను మాత్రం ఇంట్లో కూర్చుని సొంతంగానే వేసుకుంటాను.